ఆరున్నొక్కటి



మా తాత వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. కల్లంలో కుప్ప ముందు కూర్చుని, కుంచం నిండా వడ్లు ముంచి, అంచు మీద అరచేత్తో ఒక్క రాపు రాసి, గోనెలో గుమ్మరిస్తూ "లాభం" అనేవాడు. రెండో కుంచానికి రెండు. తర్వాత మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరు తర్వాత ఏడు రావాలి కదా, రాదు. "ఆరున్నొక్కటి" అని కాస్త సాగదీసి ఎనిమిదిలోకి దిగేవాడు. ధాన్యం ముందు కూర్చుని ఏడు అనకూడదు, అంటే ఏడుపును పిలిచినట్టని ఆ కాలపు పట్టింపు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. బడిలో కొత్తగా ఎక్కాలు నేర్చుకుంటున్న పొగరు. "తాతా, నీకు ఏడు రాదా?" అన్నాను. ఆయన కుంచం ఆపకుండానే, "ఎందుకు రాదు బిడ్డా? నోట్లె రాదు, లెక్కల వస్తది" అన్నాడు.

చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లు మనసు కుంగకుండా ఎట్లా నడుచుకోవాలో కాసేపు మాట్లాడమని అడిగినప్పుడు, నాకు ముందుగా మెదిలింది ఆ కుంచమే. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. హనుమకొండలో, నయీంనగర్ నాలాకు దగ్గర్లో ఒక గల్లీలో కిరాణా దుకాణం పెట్టుకున్నవాణ్ణి. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. పొద్దున ఆరింటికి షట్టర్ లేపితే రాత్రి తొమ్మిదిన్నరకు దించుతాను. ఇరవై ఏళ్లు దాటింది. కాబట్టి నేను చెప్పేది ఆ పదడుగుల లోపలి సంగతే.

ఈ మధ్య ధైర్యం చెప్పేవాళ్లకు కొదువ లేదు. రోజూ తెల్లవారకముందే ఉదయించే సూర్యుడి బొమ్మ పెట్టి "ఈ రోజు మీదే" అని నా ఫోనుకు మెసేజ్ పంపే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఏడాదిన్నరగా నాకు నాలుగు వేలు బాకీ. ఆయన మెసేజ్ చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు వేలే ఉదయిస్తాయి.

అట్లాగని మంచి మాటను తీసిపారేసేవాణ్ణి కూడా కాదు. తెలుగువాడు వ్యాపారంలో మాట్లాడే భాషే వేరు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. దుకాణంలో మొదటి గిరాకిని బోణీ అంటాం. ఆ పది రూపాయలు చేతిలో పడగానే కళ్లకద్దుకుని గల్లా పెట్టెలో వేస్తాం. అప్పు ఇవ్వం అని గోడ మీద రాయడానికి నోరు రాక, "నేడు నగదు, రేపు అప్పు" అని రాయిస్తాం. ఆ రేపు ఎన్నడూ రాదని గిరాకికీ తెలుసు, మనకూ తెలుసు. ఇంత మర్యాదగా కాదనడం నేర్చినవాళ్లకు ఆశావాదం బయటినుంచి ఎవరూ తెచ్చి పెట్టనక్కర్లేదు. కాకపోతే ఇందులో ఒక కిటుకు ఉంది. తాత ఆరున్నొక్కటి అన్నంత మాత్రాన గోనెలో కుంచం తగ్గలేదు, పెరగలేదు. మాట మెత్తబడింది, లెక్క అట్లాగే ఉంది. నాకు ఇది అర్థం కావడానికి నలభై ఏళ్లూ, ఒక వరదా పట్టాయి.

2020 సంగతి. ఆ ఫిబ్రవరిలో మేడారం జాతర. జాతర ఏడాది మా కిరాణా వాళ్లకు బెల్లమే పండుగ. సమ్మక్క సారలమ్మలకు మొక్కినవాళ్లు నిలువెత్తు బంగారం ఇస్తారు కదా, ఆ బంగారం మా దుకాణాల్లో బుట్టల్లో ఉంటుంది. మనిషిని తూకంలో కూర్చోబెట్టి బెల్లం పెడుతుంటే కాంటా ముందు నిలబడ్డవాడికి కూడా భక్తి వస్తుంది. ఆ అమ్మకం మీద మిగిలిన డబ్బుకు కొంత కలిపి పెద్ద ఫ్రిజ్ కొన్నాను, అద్దం తలుపుది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కిరాణా కాబట్టి మాకు తెరిచే వీలుండేది. గిరాకి ఉంది, నగదు లేదు. ప్రైవేటు బడి పంతుళ్లు, ఆటో నడిపేవాళ్లు, పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లు, అందరూ ఉద్దెర మీదే. ఇవ్వనని అనలేకపోయాను.

ఆగస్టు 15 నాటికి ముసురు పట్టి రోజులైంది. కాకతీయులు ఒక చెరువు నిండితే కింది చెరువుకు పోయేట్టు గొలుసుగా కట్టిన ఊరు మనది. నీళ్లకు ఆ దారి గుర్తుంది, మనమే మర్చిపోయి ఇళ్లు కట్టుకున్నాం. అర్ధరాత్రి దాటాక పక్క దుకాణం టైలరన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, నీళ్లచ్చినయ్" అన్నాడు, అంతే. మేం పోయేసరికి షట్టర్ కింది నుంచి నీళ్లు లోపలికి పోతున్నాయో బయటికి వస్తున్నాయో తెలియడం లేదు. తెల్లారి షట్టర్ లేపితే మోకాలి పైకి నీళ్లు. నా అద్దం తలుపు ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది.

తడిసిన బస్తాలు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. బియ్యం బస్తా ఉబ్బుతుంది. పప్పు బస్తా కుట్లు తెంచుకుంటుంది. చక్కెర బస్తా మాత్రం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. పై సగం రాయిలా గడ్డకట్టి, కింది సగం ఉత్త గోనె. పట్టుకు లేపితే చేతిలోకి సంచి వచ్చింది, అందులోంచి జిగురు నీళ్లు కారాయి. బెల్లం బుట్టల చుట్టూ నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. బంగారం కరగడం నేను కళ్లారా చూశాను.

"ఎంత పోయింది?" అని అడిగిన ప్రతివాడికీ "రెండు లక్షలు" అన్నాను. సాయంత్రానికి అది రెండున్నర అయింది. మర్నాడు బావమరిది ఫోన్ చేస్తే మూడు అన్నాను. నేను కావాలని అబద్ధం ఆడలేదు. భయం పెరిగినకొద్దీ అంకె పెరిగింది. మూడో రోజు మా ఆవిడే, "ముందు లెక్క పెడదాం, ఆనక ఏడుద్దాం" అని ఒక పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను ఒక్కో బస్తా బయటికి ఈడుస్తూ చెప్పాను. నలభై ఒక్క బస్తాలు. బిస్కెట్లు, అగరుబత్తులు, అగ్గిపెట్టెలు, పిండి ప్యాకెట్లు. ఫ్రిజ్. అన్నీ కొన్న ధరకు వేస్తే లక్షా ముప్పై ఆరు వేల నాలుగు వందలు.

నవ్వొస్తుంది మీకు. లక్షా ముప్పై ఆరు వేలు పోయిన రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను. మూడు లక్షలు పోయిందనుకున్న మనిషికి అందులో సగానికి పైగా తిరిగి వచ్చినట్టే కదా. నష్టానికి అంకె లేనంతసేపు అది ఊరంత ఉంటుంది. అంకె వేశాక బాకీ అవుతుంది. బాకీని ఎట్లా తీర్చాలో వ్యాపారికి తెలుసు.

ఆ పప్పు సంగతి కూడా చెప్పాలి. "కందిపప్పు ఎండబోస్తే ఎవరికి ఎరుక?" అని ఒకాయన సలహా ఇచ్చాడు. మేడ మీద పట్టా పరిచి ఎండబోశాను. మధ్యాహ్నం దాకా కాపలా కూర్చున్నాను. మా చిన్నది పైకొచ్చి, "నాయినా, ఇది మనం తింటమా?" అని అడిగింది. అడగడానికే అడిగింది, నన్ను పట్టుకోవాలని కాదు. సాయంత్రం మున్సిపాలిటీ బండి వస్తే అంతా అందులో వేశాను. ఇది నా గొప్పతనం కింద చెప్పడం లేదు. సగం రోజు కాపలా కూర్చున్నానని కూడా చెప్పాను కదా.

అసలు దెబ్బ ఖాతా పుస్తకానిది. కౌంటర్ కింది అరలో ఉండేది, పూర్తిగా మునిగింది. కాగితాలు అంటుకుపోయి ఇటుకలా తయారైంది. మధ్య మధ్య పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి, స్టీలు స్కేలు అంచుతో ఒక్కో పేజీ విడదీసి, ఇస్త్రీ పెట్టెను చల్లగా పెట్టి పైపైన రుద్దాం. అప్పుడు ఒకటి కనిపించింది. బాల్ పెన్నుతో రాసినవి ఉన్నాయి, జెల్ పెన్నుతో రాసినవి నీలి మరకలై పోయాయి. ఆ ఏడాదే మా చిన్నది "ఇది మంచిగ రాస్తది నాయినా" అని జెల్ పెన్నులు డబ్బా ఇచ్చింది. అంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, లాక్‌డౌన్‌లో ఇచ్చిన ఉద్దెరంతా మరకే.

గల్లీలో సంగతి తెలిసింది. కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి "నాది పద్దెనిమిది వందలు, రాసుకో సేటు" అన్నారు. కొందరు తగ్గించి చెప్పారు, నాకూ లీలగా గుర్తుంది, ఊరుకున్నాను. కొందరు ఆ తర్వాత మా గల్లీలోంచి నడవడమే మానేశారు. మొత్తం కూడితే అరవై ఒక్క వేలు. వరదకు ముందు ఎవరైనా నీ ఉద్దెర ఎంత అని అడిగితే, ఎంతో లేదు, ఓ ఇరవై వేలు అని ఉండేవాణ్ణి. చూశారా, పెద్ద నష్టాన్ని భయంతో రెండింతలు చేసుకున్నవాణ్ణి, చిన్న చిన్న ఉద్దెరలను మొహమాటంతో మూడో వంతు చేసుకున్నాను. మనసు రెండు వైపులా తప్పు తూకమే వేస్తుంది.

ఈ ఉద్దెర లెక్క ఒక్కటి వినండి. బియ్యం, నూనె, చక్కెర లాంటి సరుకు మీద మాకు నూటికి ఐదు మిగిలితే గొప్ప. వెయ్యి రూపాయల ఉద్దెర మునిగిందంటే, ఆ వెయ్యి తిరిగి సంపాదించడానికి ఇరవై వేల బేరం చేయాలి. వెయ్యే కదా అనుకున్న మనిషికి ఇరవై వేలు అని చెప్పండి, మొహమాటం దానంతటదే దిగుతుంది. నేను ఇప్పటికీ ఉద్దెర ఇస్తాను. ఇవ్వకుండా గల్లీలో కిరాణా నడవదు. ఇంటికి ఇంత అని గీత పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం కూడుతాను. బాల్ పెన్నే వాడుతున్నాను.

వరద తర్వాత నాలుగు రోజులు నేను ఎవరి ఫోనూ ఎత్తలేదు. బీట్ బజార్‌లో మాకు సరుకిచ్చే హోల్‌సేల్ ఆయన రోజుకు రెండుసార్లు చేశాడు. బాకీ అడుగుతాడని నా భయం. ఐదో రోజు ఎత్తితే, "మనిషివి ఉన్నవా అని చేస్తున్న" అన్నాడు. తర్వాత, "పాతది పక్కన పెట్టు, ముందు మాల్ కొండవో" అన్నాడు. దయ అనుకున్నాను మొదట. దయ కొంత ఉంది. అసలు కారణం తర్వాత ఆయనే చెప్పాడు. ఇన్నేళ్లలో గడువుకు డబ్బు అందకపోతే నేను ఒక రోజు ముందే ఫోన్ చేసి చెప్పేవాణ్ణట. నాకా సంగతి గుర్తే లేదు, ఆయన గుర్తుపెట్టుకున్నాడు. కష్టంలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడం ధైర్యంలో ఒక భాగమని నేను ఆ నాలుగు రోజుల వల్ల తెలుసుకున్నాను. నవ్వు మొహం పెట్టుకు తిరగడం కన్నా అది కష్టం.

అట్లా ఎత్తనప్పుడే మరొకరు తలుపు తడతారు. ఆ వారంలోనే డైలీ ఫైనాన్స్ కుర్రాడు బండి మీద వచ్చాడు. పదివేలకు తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా, నూటికి పది అనిపిస్తుంది. కానీ రోజూ కట్టేస్తూ పోతుంటే ఆ డబ్బు మన దగ్గర సగటున సగమే ఉంటుంది. నాలుగున్నర వేలు మూడు నెలల చిల్లర వాడుకున్నందుకు వెయ్యి రూపాయలు. నెలకు నూటికి ఆరు రూపాయల పైనే పడుతుంది. గిర్వి దుకాణం వడ్డీ దీని ముందు దిగదుడుపు. తీసుకునేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు, వంద అనేది చిన్నగా వినిపిస్తుంది, అంతే. అదే ఏడు జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారుల కోసం స్వనిధి పథకం పెట్టింది, అప్పట్లో మొదటి విడత పదివేలు, తీరిస్తే తర్వాత ఇంకా ఎక్కువ. మా గల్లీ మొగదల మిర్చి బజ్జీల బండి అక్క ఆ పదివేలు తీసుకుని బండికి కొత్త రేకు వేయించుకుంది. రెండు అప్పులూ పదివేలే. తేడా మనిషికి పట్టే నిద్రలో ఉంది.

బీమా సంగతి సిగ్గుతో చెబుతున్నాను. నా దుకాణానికి బీమా ఉంది. నాకు అప్పు ఇచ్చినవాళ్లు కట్టించారు. పాలసీ కాగితం పదేళ్లలో ఒక్కసారి విప్పలేదు. విప్పితే, నేను తీసుకున్నదాంట్లో నిప్పు ఉంది, దొంగతనం ఉంది, నీళ్లు లేవు. నాలా పక్కన దుకాణం పెట్టుకుని నిప్పుకు బీమా చేయించుకున్న మొనగాణ్ణి నేను. 2021 ఏప్రిల్ నుంచి మా లాంటివాళ్ల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఒకే నమూనా పాలసీ వచ్చింది. వరద అందులోనే కలిసి ఉంటుంది. ఎవరు అమ్మినా సరే, కాగితం మీద వరద అనే మాట కంటికి కనిపించేదాకా సంతకం పెట్టకండి.

నేనింతగా లెక్క లెక్క అనడానికి వెనక మా నాయిన ఉన్నాడు. ఆయనది వరంగల్‌లో ఆజంజాహి మిల్లు దగ్గర టీ హోటల్. ఆ మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలైంది, ఏడో నిజాం కొడుకు ఆజం జా పేరు పెట్టారు. మిల్లు బాగున్న రోజుల్లో షిఫ్టు విడిచే వేళకు మా హోటల్లో గ్లాసులు కడగడానికి ఇద్దరు చాలేవాళ్లు కాదట. మిల్లు కుంటుపడింది. జనం తగ్గారు. మా నాయిన మాత్రం రోజూ పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేవాడు. "ఇయ్యాల కాకపోతే రేపు మళ్ల నడుస్తది" అనేవాడు. ఆయనంత ఆశావాదిని నేను చూడలేదు. విరిగిన పాలు పారబోయడం మా అమ్మ రోజువారీ పని అయింది. మిల్లు చివరికి మూతపడింది. ఆయన ఆశ మా అమ్మ మెడలో గుండ్లు తినేసింది. మా తాత నోట్లో మాత్రమే ఏడు దాచాడు. మా నాయిన లెక్కలో కూడా దాచాడు. రోజుకు ఎన్ని గ్లాసులు పోతున్నాయో ఒక్క నెల రాసి చూసుకుని ఉంటే, మిల్లు తెరవడం మన చేతిలో లేదు, పొయ్యి ఎక్కడ వెలిగించాలో మన చేతిలో ఉందని ఆయనకు ముందే తెలిసేది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ పొయ్యి దగ్గరే నేను చదువుకున్నాను.

అదే వరంగల్‌లో కొత్తవాడ ఉంది. షత్రంజీలు నేసే పేట. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు మన ఓరుగల్లు తివాచీ వెళ్లింది. వరంగల్ దర్రీలకు, అంటే ఈ షత్రంజీలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్నా మగ్గం ముందు కూర్చున్నవాడికి పేరు కూలి కట్టదు. అక్కడ నాకొక చిన్ననాటి స్నేహితుడున్నాడు. పెళ్లిళ్లకు షామియానాలవాళ్లు ప్లాస్టిక్ చాపలకు మారగానే వాడు కూడా కొన్నాళ్లు, "జనానికి రుచి పోయింది" అని తిట్టుకున్నాడు. తర్వాత ఒక రోజు తన పద్దులు ముందేసుకుంటే, పెద్ద షత్రంజీలు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే పోతున్నాయి, నమాజుకు పరుచుకునే చిన్నవీ, పూజకు కూర్చునే ఆసనాలూ మాత్రం అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. మగ్గం మీద వెడల్పు తగ్గించాడు. వాడికి ఇంకో చిక్కు, సరుకు తీసుకున్న ఒక పెద్ద కొనుగోలుదారు ఎనిమిది నెలలు డబ్బు ఇవ్వలేదు. వాడు దాన్ని తన తలరాత అనుకున్నాడు. తలరాత కాదు, 2006 నాటి చట్టం ఉంది. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకున్న చిన్న తయారీదారుకు 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. నమోదుకు రూపాయి ఖర్చు లేదు. మా లాంటి కొని అమ్మే దుకాణాలవాళ్లకు ఈ సౌకర్యం లేదు, నేసేవాళ్లకు, చేసేవాళ్లకు ఉంది. వాడు దరఖాస్తు పెడతానని ఒక ఉత్తరం రాశాడు. ఉత్తరానికే డబ్బు కదిలింది.

చిన్న వ్యాపారి ధైర్యం ఒక్కడి గుండెలోనుంచే రావాలని అనుకోవడం కొత్త అలవాటు. మన ఓరుగల్లు రాజు గణపతిదేవుడు అట్లా అనుకోలేదు. 1244లో ఆయన మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజుల పద్ధతి ఏమిటంటే, తుపానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అదంతా రాజుదే. సముద్రం వదిలింది రాజు పట్టుకుపోయేవాడన్న మాట. గణపతిదేవుడు అది మానేశాడు. మాకు రావలసిన సుంకం తప్ప మీ సరుకు మీది, రండి అన్నాడు. సుంకం ముప్పయ్యో వంతు. అది దయతో పాటు లెక్క కూడా. వర్తకుడు భయపడి రాకపోతే రేవుకు సుంకం ఎక్కడిది? రాజు అభయం ఇచ్చి, ఆ పక్కనే వంతు ఎంతో రాశాడు. ఆ వంతు రాయకపోతే ఆ అభయాన్ని ఏ వర్తకుడూ నమ్మేవాడు కాదని నా అనుమానం.

ఈ మధ్య నాకు కొత్త దిగులు ఒకటి పట్టుకుంది. ఫోన్ పేమెంట్లు వచ్చాక గల్లా పెట్టె ఖాళీగా ఉంటోంది. కౌంటర్ మీద డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని అరుస్తుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. బేరం తగ్గలేదు, అయినా రాత్రి పెట్టె తెరిస్తే మనసు ఉసూరుమంటుంది. వేళ్లకు నోట్లు తగలాలి మరి. అందుకని ఇప్పుడు షట్టర్ సగం దించి, ఫోన్‌లో పడ్డదీ, చేతికొచ్చిందీ, ఉద్దెర పోయిందీ ఒకే పేజీలో రాసి, కింద ఒక గీత కొట్టి, మొత్తం వేశాకే ఇంటికి పోతాను. పది నిమిషాల పని. వేసిన అంకె ఎంత చిన్నదైనా సరే, దాన్ని దుకాణంలోనే వదిలి తాళం వేయొచ్చు. వేయని అంకె మాత్రం మన వెంట ఇంటికొచ్చి మంచం మీద పడుకుంటుంది.

ఒక్కోసారి లెక్క వేసినా నిద్ర పట్టని రోజులుంటాయి. ఆ రోజుల్లో నాకు టైలరన్న ఉన్నాడు. షాపు అరుగు మీద కూర్చుని ఒక టీ రెండు చేసుకుని తాగుతాం. వ్యాపారం ఊసే ఎత్తం. అట్లాంటి మనిషి లేనివాళ్లు, అప్పుల వల్ల ప్రాణం మీదికి ఆలోచన పోతున్నవాళ్లు ఎవరైనా ఇది వింటూ ఉంటే, 14416 అని ఐదంకెల నంబరు రాసుకోండి. ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్. రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంకోసారి చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

2023 జులై 27 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. మా నాలా కూడా పొంగింది. కానీ ఆ మూడేళ్లలో నేను మూడడుగుల ఎత్తున ఇనుప చట్రం వేయించాను. ఖాతా పుస్తకం పై అరకెక్కింది. వర్షం మొదలైన రాత్రే నేనూ, టైలరన్నా, ఇద్దరు కుర్రాళ్లూ అయినకాడికి బస్తాలు పైకెక్కించాం. అన్నీ పట్టలేదు.

పొద్దున నీళ్లు తీశాక షట్టర్ లేపాను. మా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, గుమ్మంలో స్టూలు వేసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను తడిసిన బస్తా మీద చెయ్యేసి "లాభం" అన్నాను. ఆమె తలెత్తి నా వైపు వింతగా చూసి, ఏమీ అనకుండా రాసుకుంది. రెండు. మూడు. నాలుగు. ఐదు చక్కెర, సగం పోయింది. ఆరు. మూల వెతికితే గోధుమ రవ్వ బస్తా ఒకటి గోడకు ఒరిగి ఉంది.

"ఆరున్నొక్కటి" అన్నాను.

ఇంకేమైనా ఉందా అని చూశాను. లేదు. మా ఆవిడ బాల్ పెన్నుతో ఏడు వేసి, కింద గీత కొట్టింది.